కిరణాలు ఆగిన రెండేళ్ళకు గాయం ఎందుకు?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ చేయించుకుని కోలుకున్న స్త్రీకి, రెండు మూడేళ్ళు గడిచాక, ఒకనాడు విరేచనంలో ఎర్రటి రక్తం కనబడుతుంది. జబ్బు తిరగబెట్టిందేమోనన్న భయం ముందు పుడుతుంది. ఆ భయంతో కొందరు ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటారు. మొలలే అయివుంటాయని మరికొందరు మందుల షాపులో అడిగి ఏదో పూత మందు తెచ్చుకుంటారు. చాలాసార్లు ఆ రక్తానికి అసలు కారణం వేరే ఉంటుంది. ఎప్పుడో ముగిసిన రేడియేషన్ వల్ల మలాశయం లోపలి పొర దెబ్బతిని, అక్కడినుంచి రక్తం వస్తుంటుంది.

వినగానే నమ్మబుద్ధి కాదు. మిషన్ ఆపగానే కిరణం ఆగిపోతుంది. బయటినుంచి ఇచ్చే రేడియేషన్ తాలూకు ఏదీ ఒంట్లో మిగలదు. లోపల గొట్టాలు పెట్టి ఇచ్చే చికిత్సలో కూడా ఇరిడియం గింజ కొద్ది నిమిషాలు ఉండి వెనక్కి వెళ్ళిపోతుంది. అలాంటప్పుడు ఆగిపోయిన కిరణం రెండేళ్ళ తర్వాత, ఒక్కోసారి పదేళ్ళ తర్వాత, గాయం ఎలా చేస్తుంది?

వేలెడు జాగాలో అన్నీ

నడుము కింద, తుంటి ఎముకల మధ్య ఉన్న చోటు చిన్నది. స్త్రీలలో ముందువైపు మూత్రాశయం, వెనకవైపు మలాశయం, రెండింటి నడుమ గర్భసంచి, దాని కింది కొసన ముఖద్వారం. పురుషులలో మూత్రాశయం అడుగున ప్రొస్టేట్ గ్రంథి, దాన్ని దాదాపు తాకుతూ మలాశయం. పైనుంచి చిన్నపేగు చుట్టలు దిగి ఈ ఖాళీల్లో కదులుతుంటాయి. ఒక గోడకీ ఇంకో గోడకీ ఎడం చాలాచోట్ల మిల్లీమీటర్లలోనే ఉంటుంది. కణితికి తగిలే కిరణం పక్కవాటికి అస్సలు తగలకుండా పోయే దారి లేదు.

అయినా ఈ చికిత్స చేసి తీరాలి. మన దేశంలో ఏటా 1,20,000 మందికి పైగా స్త్రీలు కొత్తగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ బారిన పడుతున్నారు. చాలామంది ఆస్పత్రికి వచ్చేసరికే కణితి ముఖద్వారం దాటి పక్కలకు పాకి ఉంటుంది. ఆ దశలో ఆపరేషన్‌తో జబ్బు మొత్తం తీసివేయడం కుదరదు. వారానికి 5 రోజుల చొప్పున సుమారు 5 వారాలు బయటినుంచి రేడియేషన్, దాంతోపాటు వారానికోసారి కీమో మందు సిస్‌ప్లాటిన్, ఆపైన లోపలినుంచి ఇచ్చే బ్రాకీథెరపీ, ఇవన్నీ కలిపి 8 వారాల్లో పూర్తిచేయడం ఇప్పుడు ఆనవాయితీ. ఎమ్మారై చూసుకుంటూ బ్రాకీథెరపీ చేసిన ఎంబ్రేస్ అధ్యయనం ఫలితాలు 2021లో వెలువడ్డాయి. అందులో పాల్గొన్న 1,341 మందిలో, అయిదేళ్ళ లెక్క తీస్తే, 92 శాతం మందికి కణితి ఉన్నచోట అదుపులోనే ఉంది. కాబట్టి దీన్ని చదివి ఎవరూ చికిత్స మానుకోవద్దు. బతికి బయటపడ్డవాళ్ళు ఆ తర్వాతి ఏళ్ళలో పడే అవస్థకు ఒక కారణం ఉంది, కారణం తెలిస్తే చాలావాటికి మందూ ఉంది. ఆ సంగతి వాళ్ళదాకా చేరడం లేదన్నదే నా బాధ.

పొట్టేళ్ళ మీద ప్రయోగం

రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుక్కున్నది 1895 చివర్లో. రెండేళ్ళు తిరక్కముందే, 1897లో, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వైద్యుడు చిన్న సంగతి రాశారు. ఎక్స్ కిరణాలతో పనిచేసే ఒకాయనకు కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. కడుపుకు సీసం అడ్డు పెట్టుకుని పనిచేస్తే తగ్గిపోయాయి. పేగుకూ కిరణానికీ పడదని వైద్యలోకానికి మొదట్లోనే తెలుసన్నమాట.

మరి పేగును బతికిస్తూ కణితిని చంపడం ఎలా? దారి చూపిన ప్రయోగాల్లో ముఖ్యమైనవి పారిస్‌లో క్లాద్ రెగో 1920ల్లో పొట్టేళ్ళ మీద చేసినవి. వృషణాల్లో కణాలు కణితిలోలాగే గబగబా విభజన చెందుతుంటాయి. అక్కడ వీర్యకణాల తయారీని ఒకే పెద్ద మోతాదుతో ఆపాలని చూస్తే పైచర్మం పుండైపోయింది. అదే కిరణాన్ని కొన్ని రోజులకు పంచి ఇస్తే తయారీ ఆగింది, చర్మం నిలిచింది. నేటికీ రోగులను రోజూ ఆస్పత్రికి రమ్మనడానికి మూలం ఇదే. కిరణం కణంలోని డీఎన్‌ఏ పోగులను తెంచుతుంది. ఒక పోగే తెగితే కణం దాన్ని అతికించుకోగలదు. పక్కపక్కనే రెండు పోగులూ తెగితే అతుకు సరిగ్గా పడటం కష్టం. ఆరోగ్యమైన కణం మర్నాటిలోగా తన మరమ్మతు చాలావరకు ముగించుకుంటుంది. క్యాన్సర్ కణాల్లో చాలావాటికి ఆ పనితనం తక్కువ. రోజుకు కొంచెం చొప్పున ఇస్తూపోతే ఈ తేడా పెరిగి పెరిగి కణితి చచ్చిపోతుంది.

అయితే ‘చాలావరకు’ అన్న మాట ‘పూర్తిగా’ అన్న మాటతో సమానం కాదు. ఆ మిగిలిపోయినదే తర్వాతి కథ.

ఇంతకీ ఒళ్ళు కాలుతుందా?
*రేడియేషన్ తీసుకున్నాక వేడి చేసిందని మజ్జిగ, సబ్జా నీళ్ళు తాగిస్తారు. తాగితే మంచిదే, ఒంటికి నీరు అందుతుంది. కానీ ఈ గాయం వేడివల్ల అయింది కాదు. రేడియేషన్ మోతాదును గ్రేలలో కొలుస్తారు. కిలో కణజాలానికి 1 జౌలు శక్తి అందితే అది 1 గ్రే. పొత్తికడుపుకు బయటినుంచి 45 నుంచి 50 గ్రేల దాకా, రోజుకు 2 గ్రేలకు మించకుండా ఇస్తారు. ఆ 50 గ్రేలూ ఒక్కసారే ఇచ్చినా ఒంటి వేడి పెరిగేది డిగ్రీలో నూరోవంతు. ఒక గుటక వేడి కాఫీ అంతకన్నా ఎక్కువ వేడినిస్తుంది. కిరణం చేసే కీడంతా ఆ కొద్ది శక్తి పడే చోటువల్లే. అది డీఎన్‌ఏ మీద, దాని చుట్టూ ఉన్న నీటి అణువుల మీద పడుతుంది.*

మొదటి విడత బాధ

పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తదవుతుంది. పొర మడతల అడుగున ఉన్న మూలకణాలు నిత్యం కొత్త కణాలను పుట్టిస్తుంటాయి, పాతవి పైకి జరిగి రాలిపోతాయి. కిరణం తగిలిన మూలకణం అప్పటికప్పుడు చావదు. విభజన చెందబోయినప్పుడు తెగిన డీఎన్‌ఏ అడ్డుపడి చస్తుంది. పాతవి రాలుతుంటే కొత్తవి రాకపోవడంతో పొర పలచబడుతుంది. రెండో వారం, మూడో వారం వచ్చేసరికి నీళ్ళ విరేచనాలు, కడుపులో మెలిపెట్టడం, మూత్రం పోసుకుంటే మంట మొదలవుతాయి. చికిత్స ముగిశాక బతికిన మూలకణాలు మళ్ళీ పొరను అల్లుకుంటాయి. చాలామందికి కొన్ని వారాల్లో, మహా అయితే మూడు నెలల్లో ఇది సర్దుకుంటుంది.

ఇక్కడితో అయిపోయిందని అందరూ అనుకుంటారు. రోగి, ఇంట్లోవాళ్ళు, కొన్నిసార్లు వైద్యులు కూడా.

రెండో విడత: కాలువలు పూడిపోతే

పొర కింద సన్నని రక్తనాళాల అల్లిక ఉంటుంది. వాటి గోడల్లోని కణాలు తాపీగా, నెలలకూ ఏళ్ళకూ ఒకసారి విభజన చెందుతాయి. కిరణం దెబ్బ వాటికీ తగిలింది. కానీ విభజన వేళ వచ్చేదాకా ఆ దెబ్బ బయటపడదు. ఆలస్యానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం ఇంకా ముఖ్యం. కృష్ణా డెల్టాలో పిల్లకాలువ పూడిక పడితే పైరు ఆ రోజే ఎండదు. ఎగువ పొలాలకు నీళ్ళు అందుతూనే ఉంటాయి. ముందు చివరి ఆయకట్టు తగ్గుతుంది, ఆ ఏడు దిగుబడి కాస్త పడిపోతుంది, మరుసటేడు ఇంకొంచెం. రైతు వచ్చి చూసేసరికి నేల నెర్రెలిచ్చి ఉంటుంది. రేడియేషన్ తగిలిన చోట జరిగేది ఇదే. దెబ్బతిన్న సన్న నాళాల లోపలి గోడ దళసరెక్కుతుంది, దారి ఇరుకవుతుంది. ఆ నాళం మీద ఆధారపడ్డ కణజాలానికి ఆక్సిజన్ తగ్గుతుంది. ఆక్సిజన్ తగ్గిన చోట, గాయం మానడానికి వచ్చే కణాలు అదుపు లేకుండా పీచు పదార్థాన్ని పోగేస్తాయి. మెత్తగా సాగే పేగు గోడ బిరుసెక్కుతుంది. ఆ పీచు మిగిలిన నాళాలనూ నొక్కేస్తుంది. దాంతో ఆక్సిజన్ మరికొంత తగ్గుతుంది, పీచు మరికొంత పెరుగుతుంది. కిరణం ఆగినా ఈ చక్రం ఆగదు.

నీరందని నేలలో రైతు బోరు వేసినట్టు, ఆక్సిజన్ చాలని కణజాలం కొత్త రక్తనాళాలను మొలిపించుకుంటుంది. అవి పొర పైభాగంలో పుడతాయి, పలచగా ఉబ్బి ఉంటాయి, గట్టి మలం రాసుకున్నా చిట్లుతాయి. మొదట్లో చెప్పిన ఎర్రటి రక్తం వీటిదే. మలాశయంలో ఇది సాధారణంగా రెండు మూడేళ్ళలోపు మొదలవుతుంది. మూత్రాశయంలో ఇంకా ఆలస్యం కావచ్చు. పదేళ్ళ తర్వాత మూత్రంలో రక్తం పడేవాళ్ళు ఉన్నారు.

ఒక్కో చోట ఒక్కో బాధ

చిన్నపేగు చివరి భాగానికి ప్రత్యేకమైన పనులు రెండున్నాయి. పైత్యరసంలోని లవణాలను తిరిగి పీల్చుకోవడం ఒకటి, బీ12 విటమిన్‌ను పీల్చుకోవడం రెండోది. కిరణం తగిలి ఆ భాగం మొద్దుబారితే పైత్య లవణాలు పెద్దపేగులోకి జారి అక్కడికి నీటిని లాగుతాయి. నూనె ఎక్కువైన కూర తిన్నా, వేపుళ్ళు తిన్నా వెంటనే పరుగెత్తాల్సి రావడం దీని గుర్తు. బస్సెక్కాలంటే భయం, పెళ్ళికి వెళ్ళాలంటే భయం. తిండి మానేసి నీరసించిపోయేవాళ్ళూ ఉన్నారు. పైత్య లవణాలను పట్టి ఉంచే కొలెస్టిరమిన్ పొడి ఇస్తే వీళ్ళలో చాలామందికి ఊరట దొరుకుతుంది. బీ12 లోటు మాత్రం ఏళ్ళు పట్టి బయటపడుతుంది, ఎందుకంటే కాలేయంలో దాని నిల్వ చాలాకాలం సరిపోతుంది. అరికాళ్ళ తిమ్మిర్లు, ఆయాసం, పాలిపోవడం మొదలైతే రక్త పరీక్షతో తేలుతుంది. ఇంజెక్షన్లతో సరిచేయవచ్చు.

నడుము కింది త్రికాస్థి ఎముక కూడా కిరణాల దారిలోనే ఉంటుంది. అది బలహీనపడి, కింద పడకపోయినా సన్నగా చిట్లుతుంది. స్కాన్‌లో ఆ పగులు మచ్చలా కనబడితే క్యాన్సర్ ఎముకకు పాకిందని కంగారుపడే సందర్భాలున్నాయి. ఎమ్మారై జాగ్రత్తగా చదివితే తేడా తెలుస్తుంది. రోగి ఏ భాగానికి రేడియేషన్ తీసుకుందో చదివేవారికి ముందే తెలియాలి. లింఫు దారులు మూసుకుపోయి కాలు వాస్తే కోస్తా జిల్లాల్లో బోదకాలు అనుకునే ప్రమాదమూ ఉంది.

అరుదైనదీ, అన్నిటికన్నా కష్టమైనదీ ఫిస్టులా. రక్తం అందని గోడ చిల్లుపడి, మూత్రం గానీ మలం గానీ యోనిలోంచి కారుతుంది. అది ఇంట్లో దాచుకుని భరించాల్సిన విషయం కాదు. జబ్బు తిరగబెట్టడం వల్ల కూడా అలా జరగవచ్చు కాబట్టి ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

ముందే గర్భసంచి తీసేస్తే

ఇక్కడ మన రెండు రాష్ట్రాల సంగతి చెప్పకుండా ఉండలేను. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్ట అవుతోందనో, రక్తం ఎక్కువ పోతోందనో వెళ్తే ముఖద్వారానికి చిన్న పరీక్ష కూడా చేయకుండా ఆపరేషన్ చేసేసి, తీసిన గర్భసంచిని ల్యాబ్‌కు పంపాక క్యాన్సర్ ఉందని తెలిసే సందర్భాలు మన దేశంలో వైద్యులకు కొత్త కావు. అప్పుడు రేడియేషన్ తప్పదు. గర్భసంచి ఉన్న చోటు ఖాళీ అయ్యాక చిన్నపేగు చుట్టలు అందులోకి దిగి కూర్చుంటాయి. ఆపరేషన్ గాటు దగ్గర అతుక్కుని కదలవు. కదిలే పేగుకు ఒక్కో రోజు ఒక్కో చోట కిరణం తగులుతుంది. అతుక్కున్న పేగుకు రోజూ ఒకే చోట తగులుతుంది.

ఈ దెబ్బను తగ్గించవచ్చని చూపించింది ముంబై టాటా మెమోరియల్ సెంటర్. ఆపరేషన్ తర్వాత రేడియేషన్ అవసరమైన 300 మంది స్త్రీలతో వాళ్ళు చేసిన పార్సర్ అధ్యయనంలో సగం మందికి పాత పద్ధతిలో, సగం మందికి కిరణం ఆకారాన్నీ తీవ్రతనూ మలుస్తూ, రోజూ స్కాన్‌తో సరిచూసుకునే ఐఎంఆర్‌టీ పద్ధతిలో చికిత్స ఇచ్చారు. మూడేళ్ళకు ఓ మోస్తరు నుంచి తీవ్రమైన పేగు ఇబ్బందులు పాత పద్ధతిలో 42.4 శాతం మందికి, కొత్త పద్ధతిలో 21.1 శాతం మందికి వచ్చాయి. క్యాన్సర్‌ను అదుపు చేయడంలో రెండూ సమానమే. చికిత్స మొదలయ్యే ముందు ఏ పద్ధతిలో ఇస్తున్నారని అడగడానికి ఈ అంకెలు చాలు.

ఖర్చులేని జాగ్రత్త ఒకటుంది. రేడియేషన్ విభాగం వరండాలో నీళ్ళ సీసాలు పట్టుకుని కూర్చున్నవాళ్ళు కనబడతారు. మూత్రం పోసి వచ్చి, చెప్పిన కొలత ప్రకారం నీళ్ళు తాగి, అరగంటో ముప్పావుగంటో ఆపుకుని ఉండమంటారు. నిండిన మూత్రాశయం చిన్నపేగును పైకి నెడుతుంది, కిరణాల దారి నుంచి తప్పిస్తుంది. బల్ల మీద పడుకోబెట్టి, చర్మం మీద వేసిన చుక్కలను గోడల నుంచి వచ్చే లేజర్ గీతలతో కలిపి, ఆ తర్వాతే మిషన్ వేస్తారు. ఆలస్యమవుతోందని మధ్యలో లేచివెళ్ళి మూత్రం పోసుకుంటే ఆ రోజు పేగు కిందికి దిగుతుంది. అలా జరిగితే టెక్నీషియన్‌కు చెప్పి మళ్ళీ నీళ్ళు తాగడం మంచిది. బ్రాకీథెరపీలో కూడా ఇలాంటిదే. గొట్టాలు అమర్చాక మూత్రాశయం, మలాశయం దూరంగా జరిగేలా గాజుగుడ్డ కూరుతారు. అక్కడ కొద్ది మిల్లీమీటర్ల ఎడం కూడా మోతాదును బాగా తగ్గిస్తుంది. పొగ తాగేవాళ్ళు మానేస్తే మేలు, పొగ రక్తనాళాలను ఇంకా ఇరుకు చేస్తుంది.

మొలల ఆపరేషన్‌కు ముందు

రక్తం అందని నేలలో గాయం మానదు. రేడియేషన్ తగిలిన మలాశయానికి మొలలని ఆపరేషన్ చేసినా, రబ్బరు బ్యాండు వేసినా, అనుమానంతో ముందుగోడ నుంచి ముక్క తీసినా ఆ పుండు మానకుండా ఫిస్టులాగా మారే ప్రమాదం ఉంది. అందుకే ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మొదటి మాటగా ఫలానా ఏడాది పొత్తికడుపుకు రేడియేషన్ తీసుకున్నానని చెప్పాలి. ఎన్ని గ్రేలు, ఎన్ని విడతలు, బ్రాకీథెరపీ ఎన్నిసార్లు అన్న వివరాల కాగితం ఇంట్లో భద్రంగా ఉండాలి.

గొట్టంతో చూసి, ఇంకే జబ్బూ లేదని తేల్చుకున్నాక రక్తం కొంచెమే పోతుంటే, రక్తహీనత లేకపోతే, మందు లేకుండానే కొందరికి తగ్గుతుంది. మలబద్ధకం రాకుండా చూసుకుంటే చాలు. అంతకు మించితే కడుపులో పుండ్లకు వాడే సుక్రాల్ఫేట్‌ను ఎనిమాగా ఇస్తారు. ఇది మన దేశపు వైద్యుల కృషి. చండీగఢ్ పీజీఐ వైద్యులు దీన్ని స్టెరాయిడ్ ఎనిమా, సల్ఫాసలజీన్ మాత్రల జోడీతో పోల్చి, సుక్రాల్ఫేటే మెరుగని 1991లో ప్రచురించారు. దానికీ లొంగకపోతే ఆర్గాన్ వాయువు సాయంతో చిట్లే నాళాలను మూసివేయడం, పలచని ఫార్మలిన్ అద్దడం ఉన్నాయి. ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ పీల్పించే చికిత్స మూత్రాశయ బాధలను తగ్గించిందని 2019లో నార్డిక్ దేశాల అధ్యయనం చూపింది. పేగు విషయంలో అంతకుముందు బ్రిటన్‌లో చేసిన అధ్యయనంలో ఉపయోగం కనబడలేదు.

ఎవరూ అడగని సంగతి

యోని గోడలు కూడా ఇదే పీచుతో బిరుసెక్కి, ఇరుకై, ఒకదానికొకటి అతుక్కుంటాయి. అండాశయాలు కొద్దిపాటి రేడియేషన్‌కే పనిచేయడం మానేస్తాయి. ముప్పై అయిదేళ్ళ స్త్రీకి ఒక్కసారిగా ముట్లుడిగి, ఒళ్ళంతా ఆవిర్లు, నిద్రలేమి, ఎముకల బలహీనత వస్తాయి. చికిత్స తర్వాత కొన్ని వారాలకు డాక్టరు చెప్పినప్పటి నుంచి యోనిని వెడల్పు చేసే డైలేటర్‌ను క్రమం తప్పకుండా వాడితే అతుకులు పడకుండా చూసుకోవచ్చు. పరీక్షలకూ అది అవసరం, ముఖద్వారం కనబడకపోతే జబ్బు తిరగబెట్టిందో లేదో చూసేదెలా? హార్మోన్లు ఎవరికి ఇవ్వవచ్చో డాక్టరు చెప్పగలరు. కలిసి ఉంటే భర్తకు రేడియేషన్ అంటుతుందేమోనన్న భయంతో దూరంగా పడుకునే జంటలున్నాయి. అంటదు, ఒంట్లో ఏ కిరణమూ లేదు. ఈ ఒక్క మాట చికిత్స ముగిసిన రోజున ఆలుమగలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలి.

లండన్ రాయల్ మార్స్‌డెన్ ఆస్పత్రిలో 218 మంది మీద చేసిన ఆర్బిట్ అధ్యయనం 2013లో లాన్సెట్‌లో వచ్చింది. పొత్తికడుపు రేడియేషన్ తర్వాత పేగు బాధలున్నవారిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు సలహాల పుస్తకం ఇచ్చి ఊరుకున్నారు. మిగతా రెండు జట్లకు ఏ లక్షణానికి ఏ పరీక్ష, ఏ మందు అని మెట్టుమెట్టుగా రాసిన పద్ధతిని అనుసరించారు. ఒక జట్టును పేగుల నిపుణుడు చూశారు, ఇంకో జట్టును శిక్షణ పొందిన నర్సు చూశారు. పుస్తకం ఇచ్చినవారికన్నా రెండు జట్లూ బాగుపడ్డాయి. నర్సు చూసినవారు నిపుణుడు చూసినవారికి తీసిపోలేదు. హైదరాబాద్ ఎంఎన్‌జే ఆస్పత్రిలోనో, విశాఖ హోమీ భాభా ఆస్పత్రిలోనో రోజూ కిక్కిరిసే ఓపీల సంగతి తెలిసినవాళ్ళకు దీని విలువ అర్థమవుతుంది. నిపుణులు తక్కువైనా ఈ పని మొదలుపెట్టవచ్చు.

మొదలు పెట్టాల్సింది అడగడంతోనే, ఎందుకంటే దొడ్డికి వెళ్ళే సంగతి మగ డాక్టరు ముందు, పక్కన కొడుకో అల్లుడో నిలబడి ఉండగా, మన స్త్రీలు తమంతట తాము చెప్పరు. కాబట్టి తిరిగి చూపించుకోవడానికి వచ్చిన ప్రతిసారీ, వెంట వచ్చినవాళ్ళను కాసేపు బయట ఉండమని, నర్సమ్మ అడగాలి. రాత్రి నిద్రలో లేచి దొడ్డికి వెళ్ళాల్సి వస్తోందా అమ్మా, ఆపుకోలేక బట్టల్లో అవుతోందా? రక్తం పడుతోందా? దీనివల్ల బయటికి వెళ్ళడం, పనికి వెళ్ళడం, ఇష్టమైనది తినడం మానేశావా? ఏ ఒక్కదానికి అవునన్నా ఆమెను పేగుల డాక్టరు దగ్గరికి పంపాలి, రేడియేషన్ కాగితంతో సహా.